మోకాళ్ల మందం నీళ్లు

మా బాపు వాగులో కొట్టుకుపోయిన ఏడాది నేను కామారెడ్డిలో ఇంజనీరింగ్ రెండో సంవత్సరం చదువుతూ హాస్టల్లో ఉన్నాను. బాపు అదే ఊళ్లో రైస్‌మిల్లు హమాలీ. పొద్దున ఎల్లారెడ్డి నుంచి బస్సులో వచ్చి సాయంత్రం తిరిగి వెళ్లేవాడు. ఆ రోజు సాయంత్రం ఇంటికి వస్తుంటే లింగంపేట దాటాక వాగు రోడ్డు మీదుగా పారుతోందని బస్సు ఆపేశారు. తక్కినవాళ్లు దిగి ఒడ్డునే నిలబడ్డారు. బాపు చెప్పులు చేత పట్టుకుని నీళ్లలోకి నడిచాడు. సగం దాటాక కాళ్లు లేచిపోయాయట. మర్నాడు దిగువ పొలాల్లో తుమ్మచెట్టుకు తట్టుకుని దొరికాడు.

చావింట్లోనే ఆ మాట పుట్టింది. "మోకాళ్ల మందం నీళ్లల్ల మనిషెట్ల పోతడు? తాగి ఉంటడు" అన్నాడు బాపు తమ్ముడు. బాపు అప్పుడప్పుడు తాగేవాడు. అందుకని ఎవరూ కాదనలేదు. అమ్మ కూడా తల వంచుకుని ఊరుకుంది.

నేను మళ్లీ కాలేజీకి వెళ్లేసరికి ఫ్లూయిడ్ మెకానిక్స్ సారు పారే నీళ్ల పాఠంలో ఉన్నాడు. వేగం రెట్టింపైతే అడ్డంగా నిలిచిన దాని మీద తోపుడు రెట్టింపు కాదు, నాలుగింతలవుతుందని చెప్పి, ప్రవాహంలో పాతిన స్తంభం మీద ఎంత బలం పడుతుందో లెక్క ఇచ్చాడు. నేను లేచాను.

"సర్, స్తంభం కాకుండ మనిషి నిలబడితే?"

"ఎంత లోతుల?"

"మోకాళ్లకు కొంచెం మీదికి."

"నీళ్ల స్పీడు?"

ఒడ్డున ఉన్నవాళ్లు చెప్పింది గుర్తుచేసుకుని, "మనిషి ఉరికినంత" అన్నాను.

ప్రశ్న అడిగేవాళ్లు అరుదు కాబట్టి ఆయనకు హుషారొచ్చింది. బోర్డు మీద రెండు కాళ్లు గీసి లెక్క కట్టాడు. "అరవై కిలోల మనిషైతే ఆయన బరువు కన్న తోపుడే ఎక్కువొస్తున్నది. పైగా నీళ్లు మనిషిని లేపుతయి, పాదానికి పట్టు దొరకది. ఎంత గట్టోడైనా నిలవడు" అన్నాడు.

నా పక్కన కూర్చునే అమ్మాయి లేచి వెళ్లి ఆయన చెవిలో ఏదో చెప్పింది. ఆయన నా వైపు చూడలేదు. డస్టర్ తీసుకుని ముందు ఆ కాళ్లను తుడిచేశాడు.

ఆదివారం ఇంటికి వెళ్లాను. అమ్మ చాట ఒళ్లో పెట్టుకుని బీడీలు చుడుతోంది. పక్కన కూర్చుని అంతా చెప్పాను. ఆమె చేతులు ఆగాయి.

"అయితే తాగలేదంటవా?"

"తాగిండో లేదో నాకు తెల్వదమ్మా. తాగకున్నా పోతుండె."

ఆమె చాటను ఒళ్లోంచి దించి కింద పెట్టింది. తర్వాత నెమ్మదిగా అంది.

"వాగు కాడికెల్లి నాకు ఫోన్ చేసిండు. నీళ్లు పారుతున్నయి, ఆగాల్నా అన్నడు. మోకాళ్ల మందమే గదా, అందరు దాటుతరు, రా అని నేనే అన్న."

అప్పటిదాకా ఆ సంగతి ఆమె ఎవరికీ చెప్పలేదు.

మర్నాడు పొద్దున బాపు తమ్ముడు చాయ్‌కి వచ్చాడు. కూర్చుంటూనే, తాగుడు మానుకొని ఉంటే మా అన్న బతికి ఉండేటోడని మొదలుపెట్టాడు. నేను సారు చెప్పిన లెక్క ఎత్తబోయాను. అమ్మ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. ఆయన వెళ్లిపోయాక వదిలి, "వద్దు బిడ్డా. తాగకుంటే నీళ్లల్లకు ఎందుకు దిగిండని అడుగుతరు. తాగిండనే అనుకోనీ" అంది.