పెళ్లిచూపుల నాడు పండిన గుడ్డు

ఆ రోజుల్లో నాకు పశువైద్యం తప్ప లోకంలో ఇంకో విషయం ఉందని తోచేది కాదు. దుమ్ముగూడెం దగ్గర పశువుల దవాఖానాలో కొత్తగా డాక్టరుగా చేరాను. ఎవరు దొరికితే వాళ్లకు పాఠం చెప్పేదాన్ని (బస్సులో పక్కసీటు ఆవిడ ఒకసారి తన స్టాపు రాకముందే దిగిపోయింది). సెలవు దొరక్క పెళ్లిచూపులు కూడా నా కిరాయి ఇంట్లోనే పెట్టుకున్నాం. అమ్మ సత్తుపల్లి నుంచి వచ్చి గులాబ్‌జామూన్ చేసింది. బోనకల్ నుంచి అబ్బాయి, అతని తల్లి వచ్చి కూర్చున్నారు.

సరిగ్గా అప్పుడే ఫోన్ మోగింది. ఎర్రావు పెద్దమ్మ. అడవి అంచు పల్లెలో ఆమెకున్నది ఆ ఒక్క ఎర్రావే. ఎన్నిసార్లు విత్తనం వేయించినా చూలు నిలవడం లేదు. ఇక సంతలో అమ్మేద్దామని అల్లుడు ఒకటే పోరు. "డాక్టరమ్మా, పొద్దుగాల ఎదకొచ్చిందని చెప్పిన గదా, అప్పటిసంది ఒకటే అరుస్తున్నది. జల్దీ రా!" అంది. నేను వంటింట్లోకి వెళ్లి, గొంతు తగ్గించాననే అనుకుని, "తొందరపడకు పెద్దమ్మా, ఇంకా పండలే. అరిస్తే అరవనీ. సాయంత్రం నేనే వస్త, పని అయిపోతది" అన్నాను. బయటికి వచ్చేసరికి అబ్బాయి తల్లి మొహం మాడిపోయి ఉంది. "ఎవరమ్మా అరుస్తున్నది? నేనైతే ఇంతవరకూ నోరే విప్పలేదు" అంది.

"మీరు కాదండీ, ఆవు" అని అక్కడితో ఆగిపోవచ్చు. నేను ఆగే మనిషిని కాదు. జామూన్ ఒకటి చేతిలోకి తీసుకుని, "ఇది అండాశయం అనుకోండి" అని మొదలుపెట్టాను. దానిలో నీటిబుడగల్లాంటివి పెరుగుతాయని, చివరికి ఒక్కటే గెలిచి మిగతావి వాడిపోతాయని, ఆ బుడగలోని గుడ్డు, ఆవు తన తల్లి కడుపులో ఉన్ననాటి నుంచీ నిద్రపోతూనే ఉంటుందని, అది మేలుకుని పండి బయటపడే వేళకు విత్తనం సిద్ధంగా ఉండాలని, ముందే వేస్తే విత్తనం చచ్చిపోతుందని, ఆలస్యమైతే గుడ్డే పాడవుతుందని చెప్పుకుంటూ పోయాను. అమ్మ తల పట్టుకుంది. అబ్బాయి తల్లి తన జామూన్‌ను మెల్లగా గిన్నెలోకి జార్చేసింది. అబ్బాయి మాత్రం ముందుకు వంగి, "మరి ఆ గుడ్డును నిద్ర లేపేదెవరు?" అన్నాడు. వచ్చినప్పటి నుంచి అతను మాట్లాడిన మొదటి మాట అదే. "మెదడు దగ్గర్నుంచి హార్మోన్ వస్తుంది" అన్నాను. ఎందుకో అప్పుడు సిగ్గేసింది.

ఇంతలో మళ్లీ ఫోన్. "సంతకు తీస్కపోతనని అల్లుడు ట్రాలీ ఆటో తెచ్చిండు! వస్తవా, రావా?" పెద్దమ్మ గొంతులో ఏడుపు. నేను లేచాను. అబ్బాయి కారు తాళాలు అందుకున్నాడు. "ఎక్కడికిరా?" అంది తల్లి. "ఆవు దగ్గరికమ్మా" అన్నాడు, అదేదో రోజూ వెళ్లే చోటులాగా.

దవాఖానాలో విత్తనం డబ్బా తీసుకుని పల్లె చేరేసరికి పొద్దు వాలింది. అల్లుడు తాడు లాగుతున్నాడు, పెద్దమ్మ ఆవు మెడను కావలించుకుని వదలడం లేదు. "ఈ ఒక్కసారికి ఆగన్నా, సరిగ్గా ఇదే టైమ్" అని బతిమాలాను. "ప్రతిసారి గిట్లనే అంటరు" అని గొణుగుతూ తాడు వదిలాడు. తోక పట్టుకునేందుకు మనిషి కావాలి. అబ్బాయి వైపు చూశాను. పట్టుకున్నాడు. ఆవు తన పద్ధతిలో అతని తెల్లచొక్కాను ఆశీర్వదించింది. పెద్దమ్మ కొంగుతో తుడుస్తూ, "మీ ఆయన మంచోడు డాక్టరమ్మా" అంది. "ఇంకా ఏం కాలేదు పెద్దమ్మా" అన్నాను. "అవుతుందిలే పెద్దమ్మా" అన్నాడతను, తోక వదలకుండానే.

ఆవు చూలు కట్టింది. దూడ పుట్టాక మేమిద్దరం మొగుడూపెళ్లాలుగా వెళ్లి జున్ను తిన్నాం. ఇప్పుడు నేను "సాయంత్రం తీసుకురండి" అని ఒక్క ముక్కలో చెప్పి ఊరుకుంటున్నాను. రైతులకూ నాకూ అదే సుఖం. కానీ పట్టుచీర కుచ్చిళ్లు ఎగదోపుకుని, తనను చూడ్డానికి వచ్చిన మనిషి పక్కనే ఉన్నాడన్న సంగతి కూడా మరిచిపోయి, ఆవుతో ఊసులాడుతూ నిలబడిన ఆ పిల్ల అప్పుడప్పుడు గుర్తొస్తుంది. ఎంత వాగేదో తల్లి! ఒక్కసారి ఎదురుపడితే బాగుండును, ఈసారి పాఠం మొత్తం కూర్చుని వింటాను.