ఎలుకల కోసం పండించిన వెల్లుల్లి

బియాన్ సుచిన్ మా పక్కింటావిడ. చైనాలో షాన్‌డోంగ్ రాష్ట్రంలోని మా ఊరి వెల్లుల్లి పొలాల్లో పుట్టి పెరిగిన మనిషి. తల్లి కడుపు కాన్సరుతో పోయింది. అందుకే పట్నం ప్రయోగశాల నుంచి డాక్టరు లువాన్ వచ్చి రెండు మళ్లు అడిగినప్పుడు వెంటనే ఒప్పుకుంది. ఒక మడిలో మాత్రం ఆకుల మీద సెలీనియం అనే ఖనిజం కలిపిన నీళ్లు చల్లాలి.

"ఇది ఎవరు తింటారు?" అని అడిగింది.

"ముందు ఎలుకలు, అక్కా. మామూలు వెల్లుల్లి కంటే ఇది కణితుల్ని బాగా అడ్డుకుంటుందేమో చూడాలి."

"మా ఆవిడ ఎలుకలకి వంటమనిషైంది" అని ఆమె భర్త జువో ఊరంతా చెప్పుకుని నవ్వాడు.

వేసవి మొదట్లో పంట తీసి, గడ్డలు వేలాడేలా కాడల్ని జడలల్లింది. ఏ మడిదో రాసి కట్టిన చీటీలు ఊడిపోతాయన్న భయంతో, ఎవరూ చెప్పకుండానే సెలీనియం మడిది కుడివైపుకి, మామూలు మడిది ఎడమవైపుకి మెలితిప్పింది.

నెల తర్వాత ఎలుకల్ని చూడాలన్న ఉబలాటంతో నన్ను తోడు తీసుకుని పట్నం వెళ్లింది. ప్రయోగశాల సామానుగదిలో అడుగుపెట్టి ఆగిపోయింది.

"డాక్టరు గారూ, సెలీనియం అని రాసిన చోట ఉన్నది మామూలు మడిది."

అక్కడి సహాయకురాలు నవ్వింది. "అన్నీ ఒకేలా ఉన్నాయి కదండీ, ఎలా చెబుతారు?"

"నీ జడ నువ్వు గుర్తుపట్టవా? ఇవి నేనల్లినవి."

లువాన్ నవ్వలేదు. ప్రతి జడ నుంచి ఒక గడ్డ తీసి పరీక్షకి పంపాడు. మూడోనాడు ఫోను వచ్చింది. లారీ దించేటప్పుడు చీటీలు తారుమారయ్యాయట. అదృష్టం, ఎలుకలకి ఇంకా మేత మొదలుపెట్టలేదు.

మరుసటి వసంతంలో మేం వెల్లుల్లి పూకాడలు లాగుతుండగా ఊరి మైకు మోగింది. "సుచిన్ అక్కా, పట్నం నుంచి ఫోను, తొందరగా రా."

చేతిలో కాడలు చేతిలోనే పెట్టుకుని ఊరి ఆఫీసుకి పరుగెత్తింది. వెనకే నేను. మాట్లాడి ఫోను పెట్టేసింది. వెంటనే మైకు లాక్కుంది.

"జువో, విను. మన సెలీనియం మడిది తిన్న ఎలుకల్లో, మామూలుది తిన్నవాటితో పోలిస్తే కణితులు సగమే వచ్చాయంట. నా వంట పనిచేసింది."

పొలాల్లో జనం ఈలలు వేశారు. జువో టోపీ తీసి గాల్లోకి విసిరాడు.

ఆ సాయంత్రమే వెనక వీధి పెంగ్ వచ్చాడు. అతని భార్య కడుపులో గడ్డ ఉందని డాక్టర్లు చెప్పారు.

"ఆ సెలీనియం వెల్లుల్లి మిగిలుంటే రెండు జడలివ్వు వదినా. ఆపరేషను తప్పుతుందేమో."

సుచిన్ మొహంలో నవ్వు ఆగింది. "ఇవ్వను తమ్ముడూ. అది ఎలుకల సంగతి, మనుషుల సంగతి ఇంకా ఎవరికీ తెలీదు. పైగా రాకుండా ఆపడం వేరు, వచ్చినదాన్ని తీసెయ్యడం వేరు. సెలీనియం ఎక్కువైతే విషం కూడానంట. పసర్లు తాగిస్తూ మా అమ్మకి ఆరు నెలలు పోగొట్టాం. పొద్దున బస్సుకి ఆమెని తీసుకురా, నేనూ వస్తా."

ఆపరేషను అయింది. వారం పాటు సుచిన్ ఆసుపత్రిలోనే ఉంది. శరత్కాలంలో లువాన్ ఉల్లికి కూడా ఒక మడి కావాలన్నాడు. నారు నాటిన రోజు పెంగ్ భార్య గట్టు మీద కూర్చుని, వరస వంకర పోయిందని సుచిన్‌ని దెప్పుతూనే ఉంది.