ఎముకల్లేని చేప

మా వదిన పోయిందన్న వార్తను ఎమ్మిగనూరు నుంచి వచ్చే పొద్దుటి బస్సు కండక్టరు తెచ్చాడు. నిండు బస్సును ఆదోనిలో మా బాలికల హైస్కూలు ముందు ఆపి, దిగి, స్టాఫ్ రూము గుమ్మం దాకా నడిచి వచ్చాడు.

"టీచరమ్మా, మీ వదినమ్మ తెల్లారుజామున పోయింది. మీ అన్న సెప్పి రమ్మన్నాడు" అన్నాడు.

చెప్పి వెంటనే వెళ్ళలేదు. తువ్వాలుతో కళ్ళు తుడుచుకుంటూ నిలబడ్డాడు. ఆయన కూతురి పెళ్ళి రవికలు మా వదినే కుట్టిందట. బస్సులోని జనం కిటికీల్లోంచి మా వైపే చూస్తున్నారు. ఆలస్యమవుతోందని ఒక్కరూ కేకెయ్యలేదు.

అప్పుడు నా మనసులో మొదట మెదిలిన మాట రాయడానికి సిగ్గుగానే ఉంది. నేను పోతే నాకోసం బస్సు ఆగుతుందా అనుకున్నాను. దుఃఖం దాని తర్వాత వచ్చింది. మా వదిన విషయంలో నాకు ఎప్పుడూ అదే వరస. ముందు అసూయ, తక్కినవన్నీ తర్వాత.

ఆమె నాకంటే రెండేళ్ళు చిన్నది. ఎమ్మిగనూరులో మగ్గం నేసే ఇంటి పిల్ల. అయిదో తరగతితో చదువు ఆగింది. మా అన్న అప్పట్లో ఆదోనిలో పత్తి మిల్లు ఇంజను చూసుకునేవాడు. నేను భూగోళం టీచరును. గోడకు తగిలించిన పటంలో నీలిరంగు మీద బెత్తం ఆనించి "ఇది హిందూ మహాసముద్రం" అని చెప్పేదాన్ని. ఆ నీలిరంగు తప్ప నాకు సముద్రం తెలియదు. ట్రైనింగుకు కర్నూలు, ఒకసారి బళ్ళారి, గురువారాల్లో మంత్రాలయం. నేను తిరిగిన లోకం అంతే.

డెబ్భైల చివర్లో అన్నకు మాల్దీవుల్లో పని దొరికింది. అక్కడ ఒక చిన్న దీవిని విదేశీ యాత్రికుల కోసం విడిది చేశారట. కరెంటు లేదు, అంతా జనరేటరే. దాన్ని చూసుకునే మనిషి కావలసి వచ్చాడు. ఏడాది తర్వాత అక్కడి దుప్పట్లు, పరదాలు కుట్టడానికి ఒక మనిషి కావాలంటే వదిన కూడా వెళ్ళింది. బొంబాయి రైలు ఎక్కించడానికి నేనూ స్టేషనుకు పోయాను. కిటికీలోంచి చెయ్యి పట్టుకుని ఏడుస్తోంది ఆమె. "ఏడవద్దు వదినా" అని ఓదారుస్తున్నాను నేను. ఆ సీట్లో నేనుంటే ఏడ్చేదాన్ని కాదు కదా అని లోపల అనుకుంటున్నాను.

ఉత్తరాలు వచ్చేవి. మా అమ్మకు చదవడం రాదు కాబట్టి నేను చదివి వినిపించేదాన్ని. వదిన పలికినట్టే రాసేది. ఒక ఉత్తరం నాలుగు పేజీలుంది. "అత్తా, నిన్న నేను నీళ్ళ అడుక్కి పోయినా. సొరసేపలను సూసినా. బయం కాల్యా" అని మొదలైంది. ఆ నాలుగు పేజీలూ నేను మనసులో చదువుకున్నాను.

"ఏమి రాసింది?" అంది అమ్మ.

"అంతా క్షేమమంట. ఎండలు బాగా ఉండాయంట" అన్నాను.

మూడేళ్ళ తర్వాత ఇద్దరూ సెలవు మీద వచ్చారు. బడి నడుస్తున్న రోజులు. మా హెడ్మిస్ట్రెస్ గారికి ఎలా తెలిసిందో, మీ వదినను తొమ్మిదో తరగతి పిల్లలతో ఒక పీరియడు మాట్లాడించండి అన్నారు. కాదనడానికి నాకు కారణం దొరకలేదు. 

వదిన వచ్చింది. బల్ల అంచు పట్టుకుని నిలబడింది. నేను వెనక బెంచీ పక్కన గోడకు ఆనుకున్నాను.

"నాకు మాట్లాడేకి రాదు. సూసింది సెప్తా, సరేనా?" అంది.

పిల్లలు నవ్వారు. ఇష్టంగా నవ్వారు.

"పొద్దున్నే ఆడ వంటింట్లో పెద్ద సేపల తలకాయలు కోసి బకెట్లో ఏసేది నేనే. కుట్టుపని తక్కువుండే దినాల్లో ఆ పని సెప్తుండ్రి. ఆ బకెట్టు పడవలో పెట్టుకొని పోతుండ్రి. అది యాడికి పోతాదో నాకు సంవత్సరం దాకా తెల్దు."

"యాడికి పోతాది?" అని ముందు వరసలో పిల్ల అడిగింది.

"సొరసేపలకు."

పిల్లలు బెంచీల మీద ముందుకు జరిగారు. ఆ దీవిలో సముద్రంలో మునకలు నేర్పే ఒక జర్మనీ ఆమె ఉండేదట. ఆమె రబ్బరు అంగీ పగడపు రాయి తగిలి భుజం దగ్గర చీలిపోయింది. వదిన దాన్ని కుట్టిచ్చింది. కుట్టు ఎక్కడుందో ఆ జర్మనీ ఆమెకే కనబడలేదట. నీకేం కావాలని సైగ చేసి అడిగితే వదిన ఖాళీ బకెట్టునూ సముద్రాన్నీ చూపించింది.

"ఈత నాకు మా అవ్వోళ్ళ ఊరి బాయిలోనే వచ్చింది. ఇదేమో ఈత కాదు, మునిగేది. పది దినాలు రొమ్ములోతు నీళ్ళలో కూర్చోబెట్టి, ఈపుకు కట్టిన గాలి డబ్బాలోంచి ఊపిరి పీల్చేది నేర్పిచ్చింది ఆయమ్మ. మా ఇంటాయన ప్యాంటు, నిండు సేతుల సొక్కా ఏసుకొని దిగినా."

పిల్లలు బల్లలు చరిచారు. వదిన కూడా నవ్వి, మళ్ళీ అందుకుంది.

"అడుగున ఇసకలో అందరమూ మోకాళ్ళ మీద కూర్చున్నాము. సేతులు సంకల్లో పెట్టుకోవల్ల. ఆయమ్మ ఇనప గొలుసుల తొడుగు సేతికేసుకొని సేపముక్క పైకెత్తింది. ఎదురుగా ఏమీ ల్యా. నీలం. ఆ నీలంలోంచి ఒగటి వచ్చింది. దాని యెనక ఇంగొగటి. మగ్గంలో పోగు మోసుకొని నాడె పోతాది సూడండి, దారాలకు తగలకుండా, అట్ల. అంతమందిమి ఉంటిమి, ఒగరికీ తగల్లే."

అరచేతిని నిలువుగా పెట్టి గాలిలో పోనిచ్చి చూపించింది. నలభై తలలు ఆ చెయ్యి వెంట తిరిగాయి. ఇన్నేళ్ళ నా పాఠాల్లో ఒక్క పిల్ల తల కూడా అలా తిరగలేదు.

ఒకప్పుడు దీవివాళ్ళు సొరచేపలను పట్టి, కార్జం నూనె తీసి పడవలకు పూసేవాళ్ళట. వాటిని చంపొద్దు, వాటిని చూడ్డానికే జనం ఇంత దూరం వస్తారు అని జర్మనీ ఆమె విడిది యజమానిని ఒప్పించింది. రోజూ మేత పెట్టేసరికి అవి పడవ ఇంజను చప్పుడు వినగానే గుంపు కట్టడం మొదలుపెట్టాయి. ఒక రోజు ముసలిదొకటి చేపముక్క కోసం తోసుకొచ్చి ఆమె మోచెయ్యి గీరింది. అప్పటి నుంచి ఆమె మేత పెట్టడం మానేసింది. ఊరికే కిందికి పోయి కూర్చునేవాళ్ళు. ఒక్కోరోజు ఒక్కటీ రాదు. వచ్చినవాళ్ళు సణుక్కునేవాళ్ళు.

"నాకైతే అదే బాగుండె. అప్పుడు అవి మనకోసం వచ్చేది ల్యా. వాటి పని మీద అవి పోతాంటాయి. మనము పక్కన కూర్చోనుంటాము. అంతే" అంది వదిన.

ఒక పిల్ల లేచి, దానికి ముళ్ళుంటాయా అని అడిగింది.

"ముల్లూ ల్యా, ఎమికా ల్యా. వలలో పడి సచ్చిన దాన్ని నేనే కోసినా. మన సెవి పైన మెత్తగా ఉంటాది సూడు, లోపలంతా అట్లే."

అప్పుడు నేను నవ్వాను. పైకి, గట్టిగా.

"ఎముకల్లేని చేపా వదినా? అంత పెద్ద చేప ఎముకల్లేకుండా ఎట్ల నిలబడతాది? పిల్లలకు తప్పులు చెప్పొద్దు."

టీచరు నవ్వితే తరగతి నవ్వుతుంది. నలభై మందీ నవ్వారు. ఇందాకటి నవ్వు కాదు అది. వదిన చెవి దగ్గర పెట్టుకున్న చెయ్యి దించింది.

"ఏమో టీచరమ్మా, నువ్వు సదివినదానివి" అంది. గంట కొట్టేదాకా బల్ల అంచు పట్టుకుని అలాగే నిలబడింది.

నిజం చెప్పాలంటే సొరచేపకు ఎముకలున్నాయో లేవో నాకూ తెలియదు. నెల తిరక్కముందే మా ఊరి గ్రంథాలయంలో పిల్లల విజ్ఞాన పుస్తకం ఒకటి తిరగేస్తుంటే కనబడింది. సొరచేప అస్థిపంజరమంతా మృదులాస్థి అని, మన చెవిలో ఉండేది కూడా అదేనని. మూడుసార్లు చదివాను. పుస్తకాన్ని అరలో మిగతా పుస్తకాల వెనక్కి తోసి ఇంటికి వచ్చాను. అప్పటికి వదిన దీవికి వెళ్ళిపోయింది. ఉత్తరం రాయవచ్చు. రాయలేదు.

మరి రెండేళ్ళకు వాళ్ళు వచ్చేశారు. అన్న ఎమ్మిగనూరులో మోటార్లు బాగుచేసే కొట్టు పెట్టుకున్నాడు. వదిన కుట్టు మిషను పెట్టుకుంది. ఆమె దగ్గరికి కుట్టు నేర్చుకోవడానికి ఆడపిల్లలు వచ్చేవాళ్ళు. "నిదానం. తొందరపడితే ఊపిరి అయిపోతాది" అనేది వాళ్ళతో. సూదికీ ఊపిరికీ ఏమి సంబంధమో వాళ్ళకు అర్థమయ్యేది కాదు. నాకు అయ్యేది. సముద్రం గురించి ఆమె నోటివెంట వచ్చే మాట అదొక్కటే. ఎవరైనా దీవి గురించి అడిగితే "బాగుండె" అని ఊరుకునేది. నేను పండక్కు వెళ్తే నాకిష్టమని జొన్నరొట్టెలు చేసి, వేడివి నా కంచంలో వేసి, ఆరినవి తను తినేది. అదీ నాకు మంటగానే ఉండేది. అంత మంచిగా ఉండడం ఎలా వచ్చిందా అని.

ఆమెకు గుండె బలహీనమని తేలాక, పోయిన చలికాలంలో, మంత్రాలయం తీసుకుపొమ్మని అడిగింది. ఇద్దరమే బస్సులో వెళ్ళాం. తుంగభద్రలో నీళ్ళు మోకాలు దాటి లేవు. దర్శనమయ్యాక ఆమె చీరతోనే నీళ్ళలోకి వెళ్ళి కూర్చుంది. నేను మెట్టు మీద కూర్చున్నాను.

"వదినా, సొరచేపకు ఎముకలుండవు."

"ఊఁ."

"నువ్వు అప్పుడు చెప్పింది నిజమే. నెల తిరక్కముందే పుస్తకంలో చదివినా. నీకు చెప్పల్యా."

"నాకేంటికి సెప్పేది? కోసి సూసినదాన్ని. నాకు తెల్దా?" అని నవ్వింది. నీళ్ళు దోసిట్లో తీసి వదిలింది. "ఆ పిల్లోళ్ళకు తెల్దు. సెప్తే వాళ్ళకు సెప్పల్ల నువ్వు."

"నామింద కోపం రాల్యా?"

"శానా వచ్చింది. ఇంటికొచ్చి ఏడ్చినా. నీకు నామింద కుళ్ళు అని ముందే తెల్సు కాబట్టి తగ్గింది."

"ఎప్పుడు తెల్సింది?"

"సెలవు మీద వచ్చిన్నాడే. అత్తకు సొరసేపల సంగతే తెల్దు. నేను నాలుగు పేజీలు రాసింటి."

నేను తల వంచుకున్నాను. ఆమె నీళ్ళలోనే నా వైపు జరిగింది.

"నాకూ నీమింద కుళ్ళేలే టీచరమ్మా. నువ్వు తరగతి లోపలికి పోతే నలభై మంది లేసి నిలబడతారు. ఆ పొద్దు నేను వస్తే గూడా లేసిరి. నన్ను సూసి అనుకొని మురిసిపోతి. యెనక్కి తిరిగి సూస్తే నువ్వుంటివి."

ఆ మాట విని నాకు సంతోషమైంది. సిగ్గులేని సంతోషం. మా వదిన ఒకరిని చూసి ఈర్ష్యపడింది, ఆ ఒకరు నేను. బస్సులో వస్తూ దారి పొడుగునా అదే తలుచుకున్నాను. పిల్లలకు చెప్పాలన్న మాట మాత్రం రేపు, ఎల్లుండి అని తోస్తూ వచ్చాను. అంతలో ఆమె పోయింది.

పదకొండో రోజున ఎమ్మిగనూరులో అన్న ఇంటికి ఒకావిడ పలకరించడానికి వచ్చింది. ఆనాటి తొమ్మిదో తరగతి పిల్లే. ఆ ఊరికే కోడలుగా వచ్చి, వదిన దగ్గర కుట్టు నేర్చుకుందట. నా పక్కన కూర్చుంది.

"మేడం, ఆయమ్మ మన బడికొచ్చి ఎముకల్లేని చేప అని చెప్పింది, గుర్తుందా? మా ఇంట్లో ఇప్పటికీ చెప్పుకొని నవ్వుతాము. పాపం, ఆయమ్మకు తెల్దు కదా" అంది ప్రేమగానే.

అన్న ఎదురుగా ఉన్నాడు. బంధువులున్నారు.

"నవ్వొద్దమ్మా. ఆమె చెప్పింది నిజం. తెలియనిది నాకు. తెలిసినాక కూడా మీకు చెప్పల్యా" అన్నాను.

ఆమె పూర్తిగా నా వైపు తిరిగింది. "అయితే మేడం, ఆ నాడె మాదిరి పోయేది గూడా నిజమేనా?"

"అన్నీ నిజమే."

అన్నకు ఈ సంగతి ఏదీ తెలియదని అప్పుడు అతని ముఖం చూస్తే అర్థమైంది. లేచి లోపలికి పోయి, ఆ అమ్మాయికి మంచినీళ్ళు తెచ్చి ఇచ్చాడు. నాకు ఇవ్వలేదు.

సోమవారం తొమ్మిదో తరగతికి వెళ్ళాను. పటం తగిలించలేదు. బకెట్టు దగ్గర మొదలుపెట్టి మొత్తం చెప్పాను. ప్యాంటూ చొక్కా, మోకాళ్ళ మీద కూర్చోవడం, మేత మానెయ్యడం, నేను నవ్విన నవ్వు, ఏదీ దాచలేదు.

"మేడం, మీరు సూసినారా?" అని ఒక పిల్ల అడిగింది.

"నేను చూడలేదు. మా వదిన చూసింది" అన్నాను. అంటుంటే మళ్ళీ అదే మంట. ఆమె లేదు, అది ఉంది.

"అంతసేపు నీళ్ళలో ఎట్లుండె మేడం?" అని ఇంకొక పిల్ల అడిగి, జవాబు కోసం ఆగకుండా బుగ్గలు పూరించి ఊపిరి బిగబట్టింది. ఆ పిల్లను చూసి పక్క పిల్ల, ఆ పిల్లను చూసి వెనక వరస. చూస్తుండగానే తరగతి అంతా బుగ్గలు ఉబ్బించి, కళ్ళు పెద్దవి చేసి, కదలకుండా నా వైపే చూస్తూ ఉంది. పైన ఫ్యాను మెల్లగా తిరుగుతోంది. కిటికీ బయటి ఆకుల్లోంచి వచ్చిన వెలుతురు వాళ్ళ ముఖాల మీద అటూ ఇటూ ఊగుతోంది.

నేను కూడా ఊపిరి బిగబట్టాను.