పంతులుగారింట్లో రెండు మెయిలు ప్రోగ్రాములు

పెదకాకానిలో ముహూర్తాలు పెట్టే రామచంద్రమూర్తిగారికి కంప్యూటరంటే భయం లేదు. హైస్కూల్లో హిందీ చెప్పి రిటైరైన ఆయన భార్య రాజరాజేశ్వరికి అసలే లేదు. ఇద్దరికీ కలిపి ఒకటే కంప్యూటరు, ఒకటే ఈమెయిలు. ముహూర్తాలు అడిగేవాళ్లంతా దానికే రాస్తారు. గొడవల్లా ఆ మెయిళ్లు ఏ ప్రోగ్రాములో చూడాలన్న దగ్గరే.

ఆయనకి థండర్‌బర్డ్ ఇష్టం. "పైసా ఖర్చులేదు. ఒకసారి దిగిన మెయిలు నెట్ పోయినా చదువుకోవచ్చు" అనేవారు. ఆవిడ ఔట్‌లుక్ మనిషి. స్కూలు ట్రైనింగులో అదే నేర్పారు. "క్యాలెండరు పక్కనే కనబడుతుంది. పంచాంగం మనిషికి క్యాలెండరు అక్కర్లేదుటండీ?" అని దెప్పేది.

చివరికి పందెం వేసుకున్నారు. రెండూ ఉంచాలి, ఒకరిది ఒకరు తెరవకూడదు, వేసవికల్లా ఏది నయమో తేల్చి రెండోది తీసేయాలి. రెండింటినీ మూర్తిగారే అమర్చారు. మెయిలు డబ్బా నిండిపోతోందని అంతకుముందు హెచ్చరిక వచ్చింది కదా అని, మెయిలు దిగాక సర్వర్లో కాపీ ఉంచొద్దంటూ రెండింట్లోనూ టిక్కు తీసేశారు. తీసి మరిచిపోయారు.

ఇంకేముంది, ఎవరు ముందు తెరిస్తే కొత్త మెయిళ్లన్నీ వాళ్లకే. రెండోవాళ్లకి సున్నా. ఆ సంగతి ఇద్దరికీ తట్టలేదు.

మొదట్లో ఆయనదే పైచేయి. "చూశావా రాజ్యం, నాకు అరడజను వచ్చాయి. నీ దాంట్లో ఒక్కటీ లేదు. అది నిద్రపోతోంది."

ఆవిడ ఉడుక్కుంది. మర్నాడు ఆయన సంధ్యావందనంలో ఉండగా తనే ముందు తెరిచింది. అన్నీ వచ్చి పడ్డాయి. "ఇప్పుడెవరిది నిద్రపోతోందండీ?"

అక్కణ్ణుంచి ఆయన సంధ్యావందనం పొట్టిదైపోయింది. ఆవిడ పొయ్యిమీద పాలు పొంగుతున్నా కుర్చీ వదిలేది కాదు.

ఆ రోజుల్లోనే వినుకొండ నుంచి శ్రీరమ్య అనే అమ్మాయి తన పెళ్లికి ముహూర్తం అడుగుతూ, తనది రేవతీ నక్షత్రమని రాసింది. పొద్దున్నే అది మూర్తిగారికి చిక్కింది. మధ్యాహ్నం "క్షమించండి, అమ్మనడిగాను. రేవతి కాదు, రోహిణి" అని ఇంకోటి రాసింది. అది రాజరాజేశ్వరికి చిక్కింది. ఆయనకీ వచ్చే ఉంటుందిలే అని ఆవిడ ఊరుకుంది. ఆయన రేవతికే చూసి వైశాఖంలో ముహూర్తం పంపేశారు.

తర్వాతి వారం అమ్మాయి తండ్రి బాపయ్య కూతుర్ని వెంటబెట్టుకుని దిగాడు. గుమ్మంలోంచే కేకలు.

"ఏంది పంతులుగారూ! పిల్ల రోహిణి అని రాస్తే రేవతికి పెట్టారంట! మగపెళ్లివారి పంతులు అందరి ముందూ అడిగాడు. కల్లంలో మిరపకాయలు వదిలేసి వచ్చా!"

"రోహిణి అని నాకెవరూ రాయలేదే" అన్నారు మూర్తిగారు.

"రాసింది కదండీ, నేను చదివాను" అంది రాజరాజేశ్వరి.

"మరి నాకెందుకు రాలేదు?"

"మీది నిద్రపోతోందేమో."

గుంటూరులో ఆఫీసు ఉద్యోగం చేసే శ్రీరమ్య నవ్వాపుకుంటూ కంప్యూటరు ముందు కూర్చుని రెండింటి సెట్టింగులూ చూసింది. "తాతగారూ, రెండింట్లోనూ కాపీ ఉంచొద్దన్నారు. ముందు తెరిచినవాళ్లు మెయిళ్లు పట్టుకుపోతున్నారు. ప్రోగ్రాములు రెండూ శుభ్రంగా ఉన్నాయి. పొంతన కుదరంది మీ ఇద్దరికే" అంది.

బాపయ్య పగలబడి నవ్వాడు. ఆ నవ్వుతోనే కోపం పోయింది. మూర్తిగారు పంచాంగం తీసి రోహిణికి సరిపడే ముహూర్తం అక్కడికక్కడే రాసిచ్చారు. రాజరాజేశ్వరి సిగ్గుపడుతూ అందరికీ కాఫీలిచ్చింది.

శ్రీరమ్య ఆ టిక్కులు మళ్లీ పెట్టాక అన్ని మెయిళ్లూ ఇద్దరికీ రాసాగాయి. దాంతో ఇద్దరూ జవాబులివ్వసాగారు. ప్రత్తిపాడు రైతు అంకమ్మరావు గృహప్రవేశం గురించి అడిగితే, మూర్తిగారు సంస్కృత సమాసాలతో పేజీడు రాశారు. ఆయన పెట్టిన ముహూర్తాన్నే ఆవిడ రెండు ముక్కల్లో రాసింది: "బుధవారం పొద్దున ఎనిమిదిలోపు లోపలికి వెళ్లండి. పిల్లలకి ముందే టిఫిను పెట్టండి."

అంకమ్మరావు ఫోన్ చేశాడు. "పంతులుగారూ, మీది ఇంటిల్లిపాదీ చదివామండి, ఎవరికీ అర్థం కాలేదు. అమ్మగారు చెప్పినట్టు చేసుకుంటాం. ఇకమీదట ఆవిడనే రాయమనండి."

మూర్తిగారు ఫోను పెట్టేశారు. తర్వాత కుర్చీలోంచి లేచి భార్యకి చోటిచ్చారు.

"నేను చెబుతాను, నువ్వు రాయి. ఏ ప్రోగ్రామైతేనేం, నీ ఇష్టం" అన్నారు.