మా దిబ్బకు నీరెక్కదు

మా ముత్తాత వెంకటాద్రి గారు కొల్లేటిలో మూడు లంకలకు యజమాని. మా తాత నరసింహం గారి కాలంలో రేవు దాటే ప్రతి పడవా మా దిబ్బ ముందు తెరచాప దించేది. ఎంత వరదొచ్చినా ఆ దిబ్బకు నీరెక్కదు. అది మా వంశ ధర్మం అనేవారు. నా చేతికొచ్చేసరికి లంకలు లేవు, దిబ్బ మీది మేడ కూలింది. దిబ్బ, రాతి మెట్లు మిగిలాయి. నేను సైన్యంలో కట్టలూ వంతెనలూ కట్టే సాపర్ల దళంలో నాయక్‌ని.

పందొమ్మిదివందల ముప్పైల్లో ఒక ఆగస్టు. ఉదయం ఆరున్నరకు ఏలూరు స్టేషన్‌లో దిగాం. పన్నెండుమందిమి. నేలలోకి దింపి మట్టి చూసే రెండు చేతి బోర్లు, పలుగులు, పారలు, ఒక ఫీల్డు టెలిఫోను. వాన. మా ఊరి దగ్గరే ఏటి కట్ట తెగి ఎనభై గజాల గండి పడింది. దిగువన మూడు ఊళ్లు నీళ్లలో ఉన్నాయి. ఇంకో వరద రాకముందే గండి పూడ్చాలి. అదీ ఆర్డరు.

నాలుగు రోజులు మట్టి పోశాం. నాలుగుసార్లూ జారిపోయింది. బోరు దింపి చూశాం. ఆరడుగుల నల్లమట్టి, దాని కింద బూడిదరంగు బురద. ఎక్కడ దింపినా అంతే.

ఐదో రోజు టెలిఫోనులో కెప్టెన్ అడిగాడు: "గట్టిమట్టి దొరికిందా?"

"ఈ దేశంలో మట్టి లేదు సార్, ముద్దపప్పుంది," అన్నాడు హవల్దారు. ఆయనది శ్రీకాకుళం వైపు.

మా పడవ నడిపే పెద్దాయన తల దించుకున్నాడు. నేను అడిగాను: "గట్టిమట్టి ఎక్కడా లేదా?"

"ఉందండి."

"ఎక్కడ?"

"అది మీరు చెప్పాలి గానీ, మేం చెబితే బాగోదండి, బాబుగారు."

ఊరంతా ఎరుగుదురు. మర్యాద కొద్దీ ఒక్కరూ వేలు చూపలేదు. నేనే బోరు భుజాన వేసుకుని మా దిబ్బ ఎక్కాను.

పదకొండు అడుగుల ఎర్ర జిగటమట్టి. దాని కింద తెల్లటి గుల్లలు. పడవ పెద్దాయన ఒకటి తుడిచి చూశాడు. "ఇది కొల్లేటి గుల్ల కాదండి. సముద్రపుది."

సాయంత్రం కెప్టెన్ వచ్చి చెప్పాడు. ఒకప్పుడు ఇక్కడ సముద్రం. నదులు వేల ఏళ్లు ఒండ్రు పోసి దాన్ని వెనక్కి నెట్టాయి. పాత ఏరొకటి ఇక్కడ తన గట్టు కట్టుకుని, తర్వాత దారి మార్చుకుంది. ఆ గట్టే మా దిబ్బ.

"అంటే మీ వంశ ధర్మం కాదన్నమాట," అన్నాడు హవల్దారు.

"కాదు. ఒండ్రు," అన్నాను.

మూడోనాడు భీమడోలు నుంచి పెదనాన్న వచ్చారు. అప్పటికి ఊళ్లవాళ్లూ చెయ్యి కలపగా సగం దిబ్బ తట్టల్లోకి ఎక్కింది.

"సిగ్గు లేదుట్రా? తాతల పునాది తవ్వి మోయిస్తావా?"

"ఈ దిబ్బ తాతలు పోసింది కాదండీ. ఏరు పోసింది."

"ఊరు నవ్వుతుంది."

"నవ్వడానికి ఊరుండాలి కదండీ."

ఆయన మళ్లీ నాతో మాట్లాడలేదు. ఆరు రోజుల్లో గండి పూడింది. పూడిన తొమ్మిదో రోజు వరద వచ్చింది. కట్ట నిలిచింది. మూడు ఊళ్లూ నిలిచాయి. వంశాన్ని తవ్వుకున్నవాడని ఇప్పటికీ అంటారు. తవ్వాను. మళ్లీ అవసరమైతే మళ్లీ తవ్వుతాను.

సెప్టెంబరులో మా దళం మకాం ఉన్న బెంగుళూరుకు రైలెక్కాం. ఎన్ని చోట్ల తిరిగినా ఒక్కటి కళ్లలోంచి పోలేదు. మా దిబ్బలో తవ్విన గోతి. పైన రెండు నిలువుల ఎర్రమట్టి. అడుగున చెయ్యి వెడల్పు తెల్లటి గుల్లల చార. అది మా మెట్ల కిందుగా తిన్నగా సాగిపోయింది, అక్కడ ఏ మేడా ఎన్నడూ లేనట్టు.

మెట్లు ఏడు. తర్వాత ఆ రాళ్లను ఆకివీడు వర్తకుడికి అమ్మేశాను.