బడి గేటుకు ఎదురుగా నాయిన

మా నాయిన గోల్ఫ్ నేర్పేవాడు. అల్వాల్‌లో మా గల్లీవాళ్ళకు ఆ మాట సగమే అర్థమయ్యేది. అది దొరల ఆట కదా, అందులో ఈయనకేం పని అన్నట్టు చూసేవాళ్ళు. చిన్నతనంలో కంటోన్మెంటు మైదానంలో ఆటగాళ్ళ బ్యాగులు మోస్తూ, వాళ్ళను చూసి ఆట పట్టుకుని, పోటీల్లో గెలిచి, చివరికి అదే మైదానంలో పెద్దపెద్ద మిలిటరీ ఆఫీసర్లకు నేర్పే స్థాయికి వచ్చాడు. ఆయన మాట మీద కల్నళ్ళు కూడా నిలబడిన చోటి నుంచి కదిలేవాళ్ళు కాదట. ‘అట’ అనే అనాలి. నేను ఒక్కసారీ చూడలేదు. నా చిన్నప్పుడు తెల్లారకముందే ఆయన స్కూటర్ వెళ్ళిపోయేది. నన్ను బడికి తయారుచేసింది, దింపింది అంతా అమ్మే.

నేను సాఫ్ట్‌వేర్ ఉద్యోగంలో చేరేనాటికి మాదాపూర్ వైపు అద్దాల భవనాలు లేస్తున్నాయి. కంపెనీల మేనేజర్లు కూడా గోల్ఫ్ నేర్చుకోవాలని నాయిన దగ్గరికి రావడం మొదలుపెట్టారు. ఆయనకు ఊపిరి సలపనంత పని. సరిగ్గా అప్పుడే నాకు కూతురు పుట్టింది. అమ్మ పోయి ఏడాది దాటింది. మా ఆయన ఉద్యోగం పుణెలో. ఇక రాజీనామా చెయ్యడమే దారి అనుకుంటున్న రోజుల్లో, ఒకనాడు అన్నం తింటూ నాయిన అన్నాడు.

"నౌకరి ఇడ్సిపెట్టకు బిడ్డా. పొద్దుగాల క్లాసులు నేను బంద్ జేస్తా. పోరిని నేను జూస్కుంట."

"పొద్దుగాలనే గద నాయినా నీకు ఎక్కువమంది వచ్చేది?"

"వస్తే రానియ్. మీ అమ్మ ఒక్కతే జేసింది నీకు. నేనేం జేసిన?"

అంతకుమించి ఆ సంగతి ఎప్పుడూ ఎత్తలేదు.

అలా నాకు దొరకని నాయిన నా కూతురికి దొరికాడు. పాప బడికి వెళ్ళే వయసు వచ్చాక, నేను ఏడింటికి కంపెనీ క్యాబ్ ఎక్కితే మిగతాదంతా ఆయనదే. జడ వేయడం రాదని, పాత తువ్వాలును మూడు పేలికలుగా చించి కుర్చీకి కట్టి వారం రోజులు నేర్చుకున్నాడు. ఒక కన్ను మూసి, మైదానంలో బంతి దొర్లే వాలు చూసినంత శ్రద్ధగా పాపిడి చూసేవాడు. పాపను బడిలో దింపి మైదానానికి వెళ్ళి, మూడింటికల్లా మళ్ళీ గేటు దగ్గర ఉండేవాడు. సాయంత్రం ఇద్దరూ హాల్లో స్టీలు గ్లాసు పడుకోబెట్టి అందులోకి బంతి కొట్టేవాళ్ళు.

"గంత గట్టిగ ఎందుకు పట్టుకుంటవే స్టిక్కును? అదేమన్నా ఉర్కుతదా?" అనేవాడు. పాప పడీపడీ నవ్వేది.

పాప రెండో తరగతిలో ఉండగా బడి డైరీలో టీచరు రాసింది, జుట్టు సరిగ్గా దువ్వి పంపించమని. ఆ వారంలోనే అది రెండోసారి. ఆఫీసులో చాకిరీతో విసిగి ఉన్నాను.

"ఏంది నాయినా, గీ జడ? సగం దారిలనే ఊడిపోతుంటే ఎట్ల?"

పాపే ముందుకొచ్చింది. "తాత మంచిగనే ఏసిండు మమ్మీ. నేనే కదిలిన."

నమ్మాను. ఆయన టీ కప్పును రెండు చేతులతో పట్టుకోవడం చూసి కూడా ఏమీ అనుకోలేదు.

రెండు నెలల తర్వాత ఆఫీసులో ఉండగా బడి నుంచి ఫోన్ వచ్చింది. టీచరుది రాజమండ్రి వైపు మాట.

"కంగారు పడకండమ్మా. పాప బానే ఉంది. మీ నాన్నగారు కొన్నాళ్ళుగా పొద్దుటి నుంచీ మా గేటు ఎదురుగా కూర్చునే ఉంటున్నారండీ. ఎండలో కూడా అక్కడే. మీకు తెలుసో లేదోనని చేశాను."

నాకు తెలియదు. సగం రోజు సెలవు పెట్టి ఆటోలో వెళ్ళాను. బడి ఎదురుగా బస్టాపులో సిమెంటు బెంచీ మీద ఉన్నాడు నాయిన. ఇస్త్రీ చొక్కా, తెల్ల టోపీ, తుడిచిన బూట్లు. మైదానానికి వెళ్ళే మనిషి ఎలా తయారవుతాడో అలాగే. కుడి చెయ్యి తొడ కింద పెట్టుకుని కూర్చున్నాడు. వెళ్ళి పక్కన కూర్చున్నాను. అప్పుడు చెయ్యి బయటికి తీశాడు. అది ఆగకుండా వణుకుతోంది.

"కొత్తగ ఒక కంపెనీ మేనేజర్ నేర్చుకోనీకి వచ్చిండు. మా గ్రౌండ్ ఆఫీసుల జెప్పిండట, సార్ చేతులే నిల్వయ్, నాకేం నేర్పిస్తడు, ఇంకొకర్ని ఇయ్యిన్రని. తప్పేం లేదు బిడ్డా. ఉన్నదే అన్నడు. కొన్ని దినాలు ఆరాం తీస్కోమన్నరు."

"నాకెందుకు చెప్పలే?"

"జెప్తే నౌకరి ఇడ్సిపెడ్తవ్."

"మరి ఇంట్లో ఉండొచ్చు గద?"

"ఇంట్ల ఒక్కన్ని ఏం జెయ్యాలె? ఈడుంటే ఇంటర్వెల్‌ల కనబడ్తది."

"దానికి తెల్సా?"

"అందరికన్న ముందు దానికే తెల్సు."

అంతలో ఇంటర్వెల్ గంట మోగింది. పిల్లల గుంపులోంచి నా కూతురు పరుగెత్తుకొచ్చి, గేటు కమ్మీల మధ్య నుంచి చెయ్యి పైకెత్తింది. పక్కన నన్ను చూసి గబుక్కున దించేసింది. తప్పు చేస్తూ దొరికినట్టు నిలబడింది. ఆ ముఖం నేను మర్చిపోలేను.

సికింద్రాబాద్‌లో డాక్టరు పార్కిన్సన్స్ అన్నాడు. వణుకు మొదలై ఏడాదైనా అయి ఉంటుందన్నాడు. మందులతో కొంత తగ్గింది, మళ్ళీ పెరిగింది. నేను ఉద్యోగం మానలేదు. పగలు ఆయనకు తోడుగా ఒక ఆయమ్మను పెట్టాను. ఆ రోజుల్లో ప్రాజెక్టు మధ్యలో వదిలితే లోకం ఆగిపోతుందనిపించేది. ఆ ప్రాజెక్టు ఏమిటో ఇప్పుడు గుర్తు చేసుకోవాలంటే కష్టపడాలి. పొద్దున్నే తాత చొక్కా గుండీలు పాప పెట్టేది. చెంచాతో అన్నం తినిపించేది. రెండేళ్ళ తర్వాత, వానాకాలంలో, న్యుమోనియాతో ఆసుపత్రిలో పదకొండు రోజులుండి నాయిన వెళ్ళిపోయాడు. దినాలనాడు రిటైరైన ఒక మిలిటరీ ఆఫీసర్ వచ్చి, ఫోటో ముందు చెప్పులు విడిచి, సెల్యూట్ చేసి, ఏమీ తినకుండా వెళ్ళిపోయాడు.

నా కూతురిప్పుడు ఇంటర్ చదువుతోంది. మొన్న ఒక ఆదివారం బట్టలు మడతపెడుతూ, తల ఎత్తకుండా అడిగింది.

"మమ్మీ, తాత చేతుల సంగతి నేను ముందే చెప్పి ఉంటే, ఇంకొన్నేండ్లు బతికేటోడా?"

ఇన్నేళ్ళూ ఆ ప్రశ్నను అది ఒక్కతే మోసిందని నాకు అప్పుడు తెలిసింది.

"లేదు బిడ్డా. డాక్టరు చెప్పిండు గద, ఆ జబ్బే అంత," అన్నాను.

అది నిజమే. కానీ ముందే తెలిసి ఉంటే ఆ బెంచీ మీద ఆయన పక్కన నేనూ మరికొన్ని పూటలు కూర్చునేదాన్నేమో. అది దానితో అనలేదు. దాని చేతిలోని దుప్పటి రెండో అంచు పట్టుకున్నాను. ఇద్దరం కలిసి మడతపెట్టాం.