అవ్వ గుడిసె ముందు మరిగిన ఇంజన్

నా చిన్నప్పుడు నెల్లికుదురు పక్కన మా ఊళ్లో ట్రాక్టర్ ఒక్కటే ఉండేది. అది మా తాతది. ఒక ఎండాకాలం, పొద్దున్నే పెంట ఎరువు నింపుకొని చెలకలకు బయలుదేరిన ఆ బండి, ఊరి చివర ఒక అవ్వ గుడిసె ముందుకు రాగానే ఆవిరి కక్కడం మొదలుపెట్టింది. రోజూ అక్కడే.

ఆ అవ్వ కొత్తగూడ అడవి వైపు నుంచి వచ్చి, చీపుర్లు కట్టి అమ్ముకుంటూ ఒంటరిగా బతికేది. వెనక నిలబడే మనిషి లేదు. నింద వేయడానికి ఇంకేం కావాలి? డ్రైవర్ బండి ముందు నిమ్మకాయలు కట్టాడు. ఆవిరికి అవీ ఉడికిపోయాయి. ఇక అవ్వ చేతబడి చేసిందన్నారు. ఊరి పెద్దమనుషుల్లో అందరికంటే గొంతు పెద్దదైన ఒకాయన, ఆమె గుడిసె పీకి ఊరు దాటించాలన్నాడు. బండి మాది కాబట్టి మా తాత సరే అనడమే మిగిలింది.

మా తాత దేవుడికి దండం పెట్టే మనిషే. కానీ పరీక్షించకుండా మరొకరి బతుకు మీద తీర్పు చెప్పేవాడు కాదు. బస్సెక్కి మానుకోట పోయి మెకానిక్‌తో మాట్లాడి, ఇంజన్ నీళ్ల వేడిని అదుపు చేసే థర్మోస్టాట్ ఒకటి కొత్తది కొనుక్కొచ్చాడు. "రేపు పొద్దున అందరు రాండ్రి" అని ఊరికి కబురు పెట్టాడు.

మర్నాడు చల్లగా ఉన్న ఇంజన్‌ను మా కొట్టంలో స్టార్ట్ చేయించి, అదే ఎరువు బరువుతో, గుడిసెకు ఎదురు దిక్కున నడిపించాడు. జనమంతా వెంట నడిచారు. కొట్టం నుంచి గుడిసెకు ఎంత దూరమో దాదాపు అంతే దూరం పోయాక బండి బుస్సుమంది. ఎదురుగా ఉన్నది ఆ పెద్దమనిషి ఇల్లు.

"మరి గీ ఇంట్ల చేతబడి ఎవరు చేసిండ్రు బావా?" అన్నాడు తాత.

"గదేందే, నా ఇంటి మీదికి తెస్తున్నవ్!"

"ఇంట్ల ఉన్న అక్కనే అడుగుర్రి" అని గుంపులోంచి ఎవరో అన్నారు. గుమ్మంలో నిలబడ్డ ఆయన భార్య కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆయన మాత్రం నవ్వలేదు.

ఇంజన్ చల్లారాక పాత థర్మోస్టాట్‌ను విప్పించి, కొత్తదాన్నీ దాన్నీ దారాలకు కట్టి, రాళ్ల పొయ్యి మీది గిన్నెలో వేలాడదీశాడు తాత. పిల్లలమైన మమ్మల్ని ముందు కూర్చోబెట్టి చెప్పాడు. దాని నడుమ ఉన్న చిన్న డబ్బీలో మైనం ఉంటుంది. ఇంజన్ చల్లగా ఉన్నంతసేపు మైనం గట్టిగా ఉంటుంది, మూత మూసే ఉంటుంది, నీళ్లు రేడియేటర్‌కు పోవు, ఇంజన్ తొందరగా వేడెక్కుతుంది. తగినంత వేడి తగిలాక మైనం కరిగి ఉబ్బుతుంది. ఉబ్బి లోపలి పుల్లను నెడితే మూత తెరుచుకుంటుంది, వేడినీళ్లు రేడియేటర్‌కు పోయి చల్లబడతాయి. చల్లారితే మైనం ముడుచుకుంటుంది, స్ప్రింగు మూతను మళ్లీ మూసేస్తుంది.

గిన్నెలో నీళ్లు మరిగాయి. కొత్తదాని మూత మెల్లగా తెరుచుకుంది. పాతది కదల్లేదు. డబ్బీ పగిలి మైనం ఎప్పుడో కారిపోయింది. మా కొట్టం నుంచి గుడిసె దాకా ఉన్న దూరమే, ఇంజన్‌లో చిక్కుకున్న నీళ్లు మరగడానికి పట్టే దూరం. చేతబడి అంటే అంతే. గుంపు చెదిరిపోయింది.

గుడిసె నిలిచింది. బండి బాగుపడింది. కానీ ట్రాక్టర్ చప్పుడు వినబడితే చాలు, అవ్వ చీపురు పని వదిలేసి లోపలికి పోయి తలుపు వేసుకునేది. చనిపోయేదాకా అంతే. రుజువు ఆమెను ఊళ్లో ఉంచగలిగింది. ఆమె భయం పోవాలంటే ఎవరో ఒకరు ఆ గడప దగ్గరికి పోయి, తప్పయింది అవ్వా అనవలసింది. ఎవరూ పోలేదు. మా తాత కూడా.

ఈనాటికీ మా వైపు ఎవరి జ్వరమైనా తగ్గకపోతే, కొందరి చూపు ముందు ఏ ఒంటరి ఆడమనిషి ఇంటి వైపు పోతుందో నాకు తెలుసు. అలాంటి చోట వాదిస్తాను, అవసరమైతే పొయ్యి వెలిగించి చూపిస్తాను. వాదం గెలిచాక మాత్రం ఆ గుంపులో నిలబడను. నేరుగా ఆ మనిషి ఇంటికి పోయి, తలుపు తెరిచేదాకా బయట కూర్చుంటాను.